విల్లో, పాప్లర్ వృక్షాలను గుర్తించడం ఎలా?

ఔషధాన్ని గూర్చి చరక సంహిత తొలి అధ్యాయంలోనే ఒక హెచ్చరిక ఉన్నది. నామ, రూప, గుణాలు తెలియని ఔషధం విషంవలె, శస్త్రంవలె, అగ్నివలె, పిడుగువలె ప్రాణం తీయగలదనీ, చక్కగా తెలిసిన ఔషధం అమృతంతో సమానమనీ ఆ గ్రంథం చెబుతుంది. మేకల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, గోపాలకులు, వనవాసులు మూలికల నామరూపాలను ఎరుగుదురని కూడా అక్కడే ఉన్నది. పట్టణాలలో స్థిరపడిన మనకు ఆ పరిచయం క్రమంగా తగ్గిపోయింది. గుణాలను పుస్తకాలలో చదువుతాం. రూపాన్ని మాత్రం ఊహించుకుంటాం. ప్రమాదమంతా ఆ ఊహలోనే ఉన్నది.

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. చాలాకాలంగా మోకాళ్ళ నొప్పులతో బాధపడుతున్నారు. ఆస్పిరిన్ మాత్రకు మూలం విల్లో అనే చెట్టు బెరడని ఆయన ఎక్కడో చదివారు. ఏటి ఒడ్డున పెరిగే, సన్నని పొడవైన ఆకులు గల చెట్టే విల్లో అని కూడా ఆ వ్యాసంలో ఉన్నదట. మనుమడిని పంపి, ఊరి చివర వాగు గట్టు నుండి ఒక కట్ట కొమ్మలు తెప్పించారు. కషాయం పెట్టబోయే ముందు, ఎందుకైనా మంచిదని నన్ను పిలిచి చూపించారు.

“ఇది మన దేశపు విల్లోయే కదండీ?” అని అడిగారు.

కొమ్మను చేతిలోకి తీసుకొని చూశాను. ఒక్కొక్క కణుపు వద్ద మూడేసి ఆకులు ఉన్నాయి. ఆకు దళసరిగా, తోలువలె ఉన్నది. అంచు పొడవునా ఎక్కడా రంపపు పళ్ళు లేవు.

“మాస్టారూ, దీనిని పొయ్యి మీద పెట్టలేదు కదా? ఇది గన్నేరు” అన్నాను.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మనుమడిని పిలిచి ముందు చేతులు సబ్బుతో కడుక్కోమన్నారు. ఆ కట్టను కాల్చవద్దని, గన్నేరు పొగ కూడా హానికరమని చెప్పి, పశువులకు అందకుండా గొయ్యి తీసి పూడ్పించాను.

ఈ సంఘటనను మనసులో ఉంచుకొనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. విల్లో ఎటువంటి చెట్టు, దాని దాయాది అయిన పాప్లర్ ఎటువంటిది, వాటిని పోలిన మన చెట్లు ఏవి, వాటిని చేతితో తాకి, కంటితో చూసి ఎలా వేరుచేయాలి అనేవి ఇందులో ముఖ్య విషయాలు.

విల్లోకు ఇంత ప్రసిద్ధి ఎందుకు వచ్చింది?

1763లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కు చెందిన ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు లండన్ రాయల్ సొసైటీకి ఒక లేఖ వ్రాశాడు. విల్లో బెరడును రుచి చూసినప్పుడు దాని చేదు ఆయనకు సింకోనా చేదును స్ఫురింపజేసింది. ఆ రోజులలో చలిజ్వరాలకు సింకోనా బెరడే ముఖ్యమైన మందు. స్టోన్ విల్లో బెరడును మూడు నెలలకు పైగా ఎండబెట్టి, పొడిచేసి, సుమారు 50 మంది జ్వరపీడితులకు ఇచ్చి, గుణం కనిపించిందని ఆ లేఖలో తెలిపాడు.

1828లో మ్యూనిక్ నగరంలో యోహాన్ బుఖ్నర్ ఆ బెరడు నుండి చేదు పదార్థాన్ని వేరుచేసి దానికి సాలిసిన్ అని పేరు పెట్టాడు. విల్లో చెట్ల లాటిన్ పేరు సాలిక్స్. ఈ పేరు దాని నుండే వచ్చింది. 1838లో ఇటలీ దేశస్థుడైన రఫాయేలె పిరియా సాలిసిన్ నుండి సాలిసిలిక్ ఆమ్లాన్ని తయారుచేశాడు. 1876లో స్కాట్లండు వైద్యుడు థామస్ మెక్లాగన్ కీళ్ళవాత జ్వరంలో సాలిసిన్ ఉపయోగాన్ని ప్రకటించాడు. 1897లో జర్మనీలోని బేయర్ సంస్థలో ఫెలిక్స్ హాఫ్‌మన్ తయారుచేసిన పదార్థానికి 1899లో ఆస్పిరిన్ అనే పేరు స్థిరపడింది.

అయితే ఈ రోజు మనం కొనే ఆస్పిరిన్ మాత్రలో విల్లో బెరడు అణుమాత్రమైనా ఉండదు. అది పూర్తిగా రసాయనశాలలో తయారవుతుంది. విల్లో బెరడులోని సాలిసిన్ మన శరీరంలో సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుందే కాని ఆస్పిరిన్‌గా మారదు. ఈ రెండూ బంధువులే అయినా ఒకటి కావు. ఈ భేదం ఎందుకు ముఖ్యమో వ్యాసం చివర తెలుస్తుంది.

వేతసం, వంజులం, ఏటిపాల

ఆయుర్వేదంలో ఈ వృక్షజాతికి సంబంధించిన పేరు వేతసం. నీటి ఒడ్డున పెరిగేది కనుక జలవేతసమని కూడా అంటారు. వంజులం, వానీరం అనేవి పర్యాయపదాలు. చరక సంహితలో బాధను శమింపజేసే పది ద్రవ్యాలను ‘వేదనాస్థాపన’ గణంగా చెప్పారు. అందులో వంజులం ఒకటి. ఈ దృష్టితో చూసినప్పుడు విల్లో మనకు పూర్తిగా పరదేశపు మందు కాదు.

కాని పేర్లలో చిక్కు ఉన్నది. అమరకోశంలో వంజులమనే మాట వేతసానికీ చెప్పబడింది, అశోకానికీ చెప్పబడింది. చరకుని వేదనాస్థాపన గణంలో అశోకం పేరు విడిగా ఉన్నది కనుక అక్కడి వంజులం అశోకం కాదని గ్రహించవచ్చు. ఇంతటితో చిక్కు తీరలేదు. వేతసమంటే బుట్టలు, కుర్చీలు అల్లే బెత్తపు తీగ, అనగా మన ప్రబ్బ అని మరికొందరు అర్థం చెప్పారు. ఒకే మాటకు నది ఒడ్డు చెట్టు, ముళ్ళ తీగ, పూల చెట్టు అని మూడు అర్థాలు వచ్చినప్పుడు పేరును మాత్రమే పట్టుకొని మూలికను తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

మన దేశపు ఉష్ణమండలంలో సహజంగా పెరిగే విల్లోకు తెలుగులో ఏటిపాల అని పేరు. దీని శాస్త్రీయ నామం సాలిక్స్ టెట్రాస్పెర్మా. నాలుగు విత్తనాలు గలదని అర్థం. ఈ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి అనేక సంవత్సరాలు ఈ తీరపు మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్, తన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథంలో ఈ చెట్టును బొమ్మతో సహా వర్ణించాడు.

ఏటిపాల అనే పేరులో ‘పాల’ ఉన్నా, ఈ చెట్టును గిల్లితే పాలు కారవు. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకున్నా చాలా ప్రమాదాలు తప్పుతాయి.

రెండూ ఒకే కుటుంబం

విల్లో, పాప్లర్ రెండూ సాలికేసీ అనే కుటుంబానికి చెందినవి. వీటికి నాలుగు సమాన లక్షణాలు ఉన్నాయి. మొదటిది, ఆకులు కొమ్మపై ఒకదాని తరువాత ఒకటిగా, కణుపుకు ఒక్కటి చొప్పున ఉంటాయి. రెండవది, మగపూలు ఒక చెట్టున, ఆడపూలు మరొక చెట్టున పూస్తాయి. మూడవది, పూలకు రంగురంగుల రేకులు ఉండవు. చిన్న చిన్న పూలన్నీ కలిసి మెత్తని కంకిగా ఏర్పడతాయి. నాలుగవది, చిన్న కాయలు పగిలి, దూదివంటి నూగు గల విత్తనాలు గాలిలో ఎగిరిపోతాయి.

ఈ నాలుగూ కలిసి కనిపిస్తే ఆ చెట్టు ఈ కుటుంబానికి చెందినదై ఉండడానికి ఎక్కువ అవకాశం ఉన్నది. ఆ తరువాత అది విల్లోయా, పాప్లరా అనే విచారణ చేయాలి.

విల్లో లక్షణాలు

ఆకు: సాధారణంగా సన్నగా, పొడవుగా, బల్లెపు మొనవలె ఉంటుంది. ఏటిపాల ఆకు సుమారు 5 నుండి 15 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పైభాగం పచ్చగా నిగనిగలాడుతుంది. అడుగుభాగం బూడిద కలిసిన తెలుపుగా ఉంటుంది. అంచున చాలా సన్నని రంపపు పళ్ళు ఉంటాయి. కంటికి ఆనకపోతే వేలితో అంచు వెంట నెమ్మదిగా రాసి చూస్తే తెలుస్తుంది. ఆకు పలుచగా ఉంటుంది. దాని కాడ పొట్టిగా ఉంటుంది.

ఇంగ్లండు మొదలైన శీతల దేశాల తెల్ల విల్లోలో ఆకు అడుగున పట్టువంటి తెల్లని నూగు ఉంటుంది. ఉద్యానవనాలలో నీటిపైకి జడలవలె కొమ్మలు వ్రేలాడదీసేది చైనా నుండి వచ్చిన మరొక విల్లో. ఉత్తర భారతంలో దానిని బేద్ మజ్నూ అంటారు. విల్లోలన్నీ వ్రేలాడవని గ్రహించాలి. ఏటిపాల కొమ్మలు ఆ విధంగా నీటిని తాకేటట్లు వ్రేలాడవు.

మొగ్గ: విల్లోను పట్టి ఇచ్చే చక్కని గుర్తు ఇదే. ఆకు కాడ మొదట ఉండే చిగురుమొగ్గను ఒకే ఒక పొలుసు టోపీవలె కప్పి ఉంటుంది. గోటితో మెల్లగా తీస్తే ఆ టోపీ మొత్తంగా ఊడి వస్తుంది. మొగ్గ కొమ్మను అంటిపెట్టుకొని ఉంటుంది. చేతికి జిగురు అంటదు.

కంకి: చాలా విల్లోలలో కంకులు నిక్కి నిలుస్తాయి. వీటిలో తేనె ఉంటుంది కనుక తేనెటీగలు మూగుతాయి. ఏటిపాల ప్రాంతాన్ని బట్టి చలికాలంలోగాని, అది ముగిసే వేళకుగాని పూస్తుంది.

స్థలం: ఏటి ఒడ్డు, వాగు గట్టు, కాలువ పక్క, తేమ వీడని నేల దీనికి ఇష్టం. మన రాష్ట్రాలలో తూర్పు కనుమల సెలయేళ్ళ వెంట ఏటిపాల కనిపిస్తుంది. కాని స్థలాన్ని బట్టి మాత్రమే నిర్ణయించకూడదు. పైన చెప్పిన గన్నేరు కూడా వాగు గట్టుననే పెరిగింది కదా!

పాప్లర్ లక్షణాలు

ఆకు: విల్లోకు పూర్తిగా భిన్నంగా వెడల్పుగా, త్రిభుజాకారంగాగాని, హృదయాకారంగాగాని ఉంటుంది. కాడ పొడవైనది. చాలా జాతులలో ఆ కాడ పక్కల నుండి నొక్కినట్లు చదునుగా ఉంటుంది. అందువలన ఏ కొద్ది గాలికైనా ఆకులన్నీ గలగలలాడుతాయి. కాడను బొటనవ్రేలు, చూపుడువ్రేళ్ళ మధ్య పెట్టి త్రిప్పి చూడండి; చదునైన కాడ గుండ్రంగా దొర్లదు.

మొగ్గ: మొనదేలి పెద్దదిగా ఉంటుంది. దానిని ఒకటి కాదు, అనేక పొలుసులు ఇంటిపెంకులవలె ఒకదానిపై ఒకటి కప్పి ఉంటాయి. చాలా జాతులలో వసంతకాలపు మొగ్గను తాకితే సుగంధం గల జిగురు అంటుతుంది. శీతల దేశాలలో తేనెటీగలు ఈ జిగురును సేకరించి తమ పట్టులోని పగుళ్ళను పూడ్చుకుంటాయి. మందుల దుకాణాలలో ప్రొపోలిస్ అనే పేరుతో అమ్మే పదార్థం చాలా ప్రాంతాలలో ఈ పాప్లర్ జిగురు నుండే వస్తుంది.

కొమ్మ: పాప్లర్ చిన్న కొమ్మను అడ్డంగా కోసి చూస్తే మధ్యనున్న మెత్తని బెండు అయిదు మూలల నక్షత్రంవలె కనిపిస్తుంది. విల్లోలో అది గుండ్రంగా ఉంటుంది. ఆకులు రాలిన శీతకాలంలో ఈ గుర్తు బాగా ఉపయోగపడుతుంది.

కంకి: పాప్లర్ కంకులు క్రిందికి వ్రేలాడుతాయి. వీటిలో తేనె ఉండదు. పరాగాన్ని గాలే మోసుకుపోతుంది.

ఇవి ఎక్కడ కనిపిస్తాయి?

కాశ్మీరు యాత్రకు వెళ్ళినవారు ఈ రెండు వృక్షాలను చూడకుండా తిరిగి రారు. రహదారి పక్కన స్తంభాలవలె నిటారుగా ఆకాశంలోకి లేచినవి పాప్లర్‌లు. అక్కడివారు వీటిని ఫ్రస్ అంటారు. సరస్సుల, కాలువల ఒడ్డున నీడనిచ్చేవి విల్లోలు. వాటిని వీర్ అంటారు. క్రికెట్ బ్యాట్లు విల్లో చెక్కతోనూ, ఆపిల్ పండ్ల పెట్టెలు పాప్లర్ చెక్కతోనూ చేస్తారు. లడఖ్ ఇండ్ల పైకప్పులకు పాప్లర్ దూలాలు వేసి, వాటిపై విల్లో పుల్లలు పరుస్తారు.

హిమాలయాలలో సహజంగా పెరిగే ఒక పాప్లర్‌ను హిందీలో పహాడీ పీపల్, అనగా కొండ రావి అంటారు. పంజాబు, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పొలాలలో వరుసలుగా పెంచేది అమెరికా నుండి వచ్చిన పాప్లర్. అగ్గిపుల్లలకు, ప్లైవుడ్‌కు దానిని వాడతారు. ఈ సాగు 28 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైనున్న ప్రాంతాలకే అనుకూలమని అటవీ శాస్త్రం చెబుతుంది. కనుక తెలుగు నేలపై ఎవరైనా ఒక చెట్టును చూపి ఇది పాప్లర్ అంటే ముందుగా సందేహించడమే మంచిది.

సఫేదా అనే మాట విషయంలో కూడా జాగ్రత్త అవసరం. కాశ్మీరులో ఆ పేరు పాప్లర్‌ను సూచిస్తే, ఉత్తరాది మైదానాలలో నీలగిరి తైలపు చెట్టును, అనగా మన జామాయిల్‌ను సూచిస్తుంది.

హైదరాబాదు యునానీ దుకాణాలలో బేద్ ముష్క్ అరఖు దొరుకుతుంది. అది కూడా ఒక విల్లో జాతి నుండి వచ్చినదే. సుగంధం గల ఆ చెట్టు కంకులను నీటితో బట్టీపట్టి తీస్తారు. అది పూల అరఖు. బెరడు కషాయం కాదు. ఒకదానికి చెప్పిన గుణాలను మరొకదానికి ఆపాదించరాదు.

మన పరిసరాలలో మోసగించే చెట్లు

గన్నేరు: ఎరుపు, గులాబీ, తెలుపు పూలు పూచే ఈ పొద ఆకు దూరం నుండి విల్లో ఆకువలెనే కనిపిస్తుంది. కాని సాధారణంగా కణుపుకు మూడేసి ఆకులు ఉంటాయి. ఆకు దళసరి, అంచు నున్నన. నడిమి ఈనె నుండి పక్క ఈనెలు దువ్వెన పళ్ళవలె సమాంతరంగా పోతాయి. వేరు మొదలు పువ్వు వరకు దీనిలో ప్రతి భాగమూ విషమే. ఆ విషం గుండె లయను దెబ్బతీస్తుంది. ఎండబెట్టినా, మరిగించినా అది పోదు.

పచ్చగన్నేరు: పసుపు రంగు గంటలవంటి పూలు పూస్తుంది. దీనికి కణుపుకు ఒక్కటే ఆకు ఉంటుంది కనుక ఆకుల అమరికను బట్టి మాత్రమే చూస్తే మోసపోతాము. ఆకును త్రుంచితే తెల్లని పాలు కారుతాయి. విల్లోకు పాలు లేవు. ఇది కూడా గన్నేరువలెనే గుండెకు విషం. పిల్లలు ఆడుకొనే చోట దీని కాయలు లేకుండా చూడాలి. ఇంకొక మాట. ఎర్రగన్నేరు రసం ఎల్లప్పుడూ పాలవలె తెల్లగా ఉండదు. కనుక పాలు కారలేదు కాబట్టి గన్నేరు కాదని అనుకోరాదు. పాలు కారితే విల్లో కాదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

వ్రేలాడే బాటిల్ బ్రష్: నర్సరీలలో కొందరు దీనినే విల్లో అని అమ్ముతారు. కొమ్మలు జడలవలె వ్రేలాడడమే ఇందుకు కారణం. ఇది ఆస్ట్రేలియా మొక్క. జామ కుటుంబానికి చెందినది. సీసాలు కడిగే బ్రష్షువంటి ఎర్రని పూలు, కొమ్మను చుట్టి అంటుకొని ఉండే గట్టి గుండ్రని కాయలు దీని గుర్తులు. విల్లోకు ఇటువంటి కాయలు ఉండవు.

ఏటి రాళ్ళ మధ్య పొద: నదీగర్భంలో, ప్రవాహపు రాళ్ళ నడుమ, విల్లోను అచ్చంగా పోలిన ఒక పొద పెరుగుతుంది. ఇది ఆముదపు కుటుంబానికి చెందినది. దీని శాస్త్రీయ నామం హోమోనోయియా రైపేరియా. దీనికి కూడా కణుపుకు ఒక్క ఆకు, కంకి పూలు ఉంటాయి. అయితే ఆకు అడుగున సన్నని పొలుసుల చుక్కలు ఉంటాయి. ఆముదం కాయవలె మూడు గదుల చిన్న కాయ కాస్తుంది. దూది నూగు విత్తనాలు ఉండవు.

రావి: ఆకు ఆకారంలోనూ, గాలికి కదలడంలోనూ పాప్లర్‌ను పోలి ఉంటుంది. కాని రావి ఆకు కొన పొడవైన తోకవలె సాగుతుంది. త్రుంచితే పాలు కారుతాయి.

గంగరావి: దీని లాటిన్ పేరులోని రెండవ మాటకు ‘పాప్లర్‌ను పోలినది’ అని అర్థం. యూరపువారికి దీని ఆకు పాప్లర్‌ను తలపిస్తే, మనవారికి రావిని తలపించింది. బెండపూవువంటి పసుపు పూలు పూచి, వాడిన తరువాత ఎర్రబారుతాయి. పూవును చూస్తే సందేహం తీరిపోతుంది.

పాప్లర్ దూది, వేసవి దగ్గు

కాశ్మీరు లోయలో మే నెలలో పాప్లర్ దూది మంచువలె ఎగురుతుంది. ఆ దినాలలో వచ్చే తుమ్ములు, దగ్గు, కళ్ళ దురదలకు ఆ దూదియే కారణమని జనం నమ్ముతారు. 2015లో జమ్మూ కాశ్మీరు హైకోర్టు, రష్యన్ పాప్లర్ అని జనం పిలిచే ఆ ఆడచెట్లను కొట్టివేయమని ఆదేశించింది. నిజానికి ఆ చెట్టు రష్యాది కాదు, అమెరికాది. పేరు చేసే మోసానికి ఇది మరొక ఉదాహరణ.

చెట్టును సరిగా పరిశీలించినవారికి ఇందులోని తేడా తెలుస్తుంది. దూది ఆడచెట్టు విత్తనానికి అంటిన నూగు మాత్రమే. అది పరాగం కాదు. పరాగం మగచెట్ల కంకుల నుండి, దూది ఎగరడానికి కొన్ని వారాల ముందే వస్తుంది. దూది ఎగిరే రోజులలోనే గడ్డిజాతుల పరాగం కూడా గాలిలో ఉంటుంది. దూది ముక్కులో, కంటిలో పడి చికాకు కలిగించవచ్చు. కాని అసలైన ఎలర్జీకి ఎక్కువగా కారణమయ్యేది పరాగమే. ఉబ్బసం ఉన్నవారు ఆ కాలంలో కాశ్మీరు వెళ్ళదలిస్తే తమ మందులు వెంట ఉంచుకోవడం మంచిది.

చెట్టును గుర్తించారు, తరువాత?

చెట్టు నిశ్చయంగా విల్లోయే అని తేలినా, బెరడును ఇంట్లో కాచి త్రాగవచ్చునని అర్థం కాదు. విల్లో జాతులన్నిటిలో సాలిసిన్ సమానంగా ఉండదు. ఒక జాతిలో ఒక శాతానికి లోపు ఉంటే, మరొక జాతిలో దానికి అనేక రెట్లు ఉంటుంది. ఔషధంగా వాడే బెరడులో కనీసం ఒకటిన్నర శాతం ఉండాలని యూరపు ఔషధ ప్రమాణ గ్రంథం నియమం విధించింది. ఇంటిలో కాచిన కషాయంలో ఎంత ఉన్నదో చెప్పే సాధనం మనకు లేదు.

ఈ క్రిందివారు విల్లో బెరడును వైద్యుని సలహా లేకుండా ముట్టరాదు.

ఆస్పిరిన్ పడనివారు, ఆస్పిరిన్ వలన ఉబ్బసం వచ్చేవారు, కడుపులో పుండు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫ్లూ, ఆటలమ్మ వంటి జ్వరాలలో పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే అరుదుగా మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రై సిండ్రోమ్ రావచ్చు. విల్లో బెరడుకూ అదే జాగ్రత్త వర్తిస్తుంది. వానాకాలంలో వచ్చే జ్వరం డెంగీ అయితే ఆస్పిరిన్ జాతి మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం ఏమిటో తెలియనప్పుడు, ప్రకృతి సిద్ధమైనది కదా అని విల్లో కషాయం ఇవ్వడం తగదు.

ఇంతకు ముందు చెప్పిన భేదం ఇక్కడ అవసరమవుతుంది. గుండె జబ్బు ఉన్నవారికి వైద్యులు చిన్న మోతాదులో ఆస్పిరిన్ ఇస్తారు. రక్తకణికలు అతుక్కోకుండా ఆస్పిరిన్ చేసే పనిని విల్లో బెరడు ఆ స్థాయిలో చేయలేదు. ఆ మాత్రను మాని, దాని బదులు బెరడు వాడుతామనుకోవడం ప్రాణంతో ఆడుకోవడమే.

కొమ్మను చేతపట్టుకొని వేసుకోవలసిన ప్రశ్నలు

1. కణుపుకు ఎన్ని ఆకులు? రెండుగాని, మూడుగాని ఉంటే అక్కడితో ఆగండి.
2. ఆకు త్రుంచితే పాలు వచ్చాయా? వస్తే విల్లో కాదు, పాప్లరూ కాదు.
3. ఆకు అంచున సన్నని పళ్ళు ఉన్నాయా? అడుగుభాగం తెల్లబారి ఉన్నదా?
4. మొగ్గపై ఉన్నది ఒకే టోపీయా, అనేక పొలుసులా?
5. పూలు కంకులుగా ఉన్నాయా? రంగురేకులు గల పూలైతే అది వేరే చెట్టు.
6. విత్తనాలకు దూది ఉన్నదా?

వీటిలో ఒక్క దానికి సమాధానం కుదిరినంత మాత్రాన నిర్ణయించవద్దు. అన్నీ కలిసి రావాలి. పూలు, కాయలు లేని కాలమైతే అవి వచ్చే వరకు ఆగండి. సందేహం ఉంటే ఆకులు, మొగ్గలు, వీలైతే పూలతో సహా జానెడు కొమ్మను వార్తాపత్రికల మధ్య అదిమి ఆరబెట్టండి. దొరికిన చోటు, తేదీ వ్రాసి, సమీపంలోని కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకులకుగాని, ఆయుర్వేద కళాశాల ద్రవ్యగుణ విభాగానికిగాని చూపించండి. రుచి చూసి గుర్తించే ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు. చెట్టు చుట్టూ బెరడు ఒలవవద్దు. అలా ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది.

ఎవరైనా పొరపాటున గన్నేరు కషాయంగాని, ఆకుగాని తీసుకుంటే వాంతులు, కళ్ళు తిరగడం, గుండె కొట్టుకోవడంలో తేడా రావచ్చు. లక్షణాలు కనిపించే వరకు వేచి ఉండవద్దు. ఇంటి వైద్యం చేయవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. తిన్న మొక్క కొమ్మను కూడా వెంట తీసుకొని వెళ్ళండి. ఏ విషమో వైద్యునికి తెలుస్తుంది.

మా మాస్టారు ఆ తరువాత వైద్యుని సంప్రదించి మోకాళ్ళకు తగిన చికిత్స తీసుకుంటున్నారు. ఏటిపాలను చూడాలనే కోరిక మాత్రం ఆయనకు తీరలేదు. క్రిందటి శీతకాలంలో మన్యం వెళ్ళినప్పుడు ఒక సెలయేటి ఒడ్డున ఆయనకు ఆ చెట్టును చూపించాను. ఆకు అంచున వేలితో రాసి చూశారు. ఆకు కాడ మొదటి మొగ్గపై టోపీని గోటితో తీసి చూశారు. “పాల అంటారు కాని, పాలు లేవండీ” అన్నారు. కొమ్మ విరవకుండానే తిరిగి వచ్చాము.